ఎగిరితే రాకెట్టు

“ఎగిరితే రాకెట్టు, పేలితే బాంబు. బాంబయితే ఇద్దరూ జీపెక్కాల,” అన్నాడు ఎస్సై సంజీవయ్య, చేనిగట్టు మీద తుండుగుడ్డ పరుచుకుని కూర్చుంటూ.

ఆ ఇద్దరిలో ఒకరు రాజరత్నం. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పే అయ్యవారు. పక్కన నిలబడ్డ మద్దిలేటికి ఆళ్లగడ్డ బజార్లో రేడియోలు బాగుచేసే అంగడి ఉంది. శ్రీహరికోటలో మన రాకెట్టు పైకి పోయిందని పోయినేడు ఆ అంగట్లో కూర్చునే ఇద్దరూ విన్నారు. మనమూ ఒకటి ఎగరేద్దామనుకున్నారు. అక్కడిదాకా బాగానే ఉంది. దానికి కావలసిన సురేకారం, అంటే నాటుబాంబుల్లోనూ వేసే మందుప్పు, నంద్యాలలో చేసంచి నిండా కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చారు చూడండి, అదీ వాళ్ల తెలివి! ముఠా తగాదాల ఆళ్లగడ్డలో సురేకారం సంచితో బస్సు దిగినవాణ్ని నువ్వు ఎవరి మనిషివని అడుగుతారు గాని, ఏం శాస్త్రం చదివావని ఎవరడుగుతారు?

సంచి సంగతి ఎస్సై చెవిన పడింది. ఆయన నేరుగా చేలోకే వచ్చేశాడు.

చేలో ఇటుకల మధ్య నిలబెట్టిన గొట్టాన్ని లాఠీతో చూపించి, అదేందని అడిగాడు. అయిదు బ్యాటరీల టార్చిలైటు గొట్టమని, కింది రెక్కలు డాల్డా డబ్బా రేకువని మద్దిలేటి విడమరిచి చెప్పాడు.

“లోపల?”

“ఇంధనం సార్,” అన్నాడు రాజరత్నం.

“మందు అను అయ్యవారూ. బాంబులో ఉండేదీ అదే గదా.”

రాజరత్నం అసలు భయం వేరే. ఇంతకుముందు చేసిన రెండూ ఎగరలేదు. ఒకటి మనిషెత్తు లేచి, తలకిందులై మట్టిలో ముక్కు గుచ్చుకుంది. రెండోది తలకిందులై బండరాయికి కొట్టుకుని పేలింది. ఆ మోతకు రుద్రవరం రోడ్డున పోయే ఎడ్లబండి కాస్తా పొలాలకడ్డం పడింది. ఇదీ పేలితే ఉద్యోగం పోతుంది, జైలు వస్తుంది. సాయంత్రం ఇంటికెళ్లి పెళ్లాం కృపమ్మకు ఏ ముఖం చూపించాలి? అసలు ఇంటికి వెళ్లనిస్తే కదా!

ఆ సమయంలో వాళ్ల పక్షాన నిలిచింది ఒక్క కమలాక్షమ్మే. చేను ఆమెది. మొగుడు పోయినా, మరిదితో గట్టు తగాదా నడుస్తున్నా సేద్యం వదలని పెద్దావిడ. రాకెట్టుకు జాగా కావాలంటే ఊరంతా ముఖం తిప్పుకుంది గాని, ఆమె మాత్రం వేరుశనగ పీకేసిన చేను అడిగీ అడగకముందే ఇచ్చింది. ఇప్పుడు కూడా ఎస్సైకి చెంబుడు మజ్జిగ చేతికిచ్చి మరీ నిలదీసింది.

“చీమ ఎదురొస్తే పక్కకు తిరిగిపోయే మనిషప్పా ఆ అయ్యవారు. ఆయన బాంబులు చేస్తాడా? కేసు రాసేటట్లయితే ముందు నా పేరు రాసుకో. చేను నాది.”

రాజరత్నానికి కళ్లు చెమర్చాయి. కన్నతల్లి ఉన్నా ఇంతకన్నా ఏం చేస్తుంది?

ఆ తల్లి అంతటితో ఆగలేదు. దిష్టి తగిలితే ఎట్లా ఎగురుతుందని గొట్టానికి కుంకుమ పూసి, వాడిగా ఉన్న ముక్కుకు ఒక నిమ్మకాయ గుచ్చింది. బరువు మారిపోతుందమ్మా అని రాజరత్నం మొత్తుకున్నాడు. కొత్త జీపుకు తామూ కడతామని, ఉండనీయమని ఎస్సై తీర్పు చెప్పాడు.

మద్దిలేటి అహోబిలం నరసింహస్వామికి తలనీలాలు మొక్కుకున్నాడు. రాజరత్నం బైబిల్లోని కీర్తన చదువుకున్నాడు. దేవుళ్లు వేరైనా ఇద్దరి మొక్కూ ఒకటే, పేలకూడదు. ఎస్సైతో వచ్చిన కానిస్టేబులు జీపు వెనక్కు పోయి నక్కాడు. ఎస్సై తనకేం భయం లేదన్నట్టు మెల్లగా నడిచి, కానిస్టేబులు వెనక్కు పోయి నిలబడ్డాడు.

మద్దిలేటి వత్తి ముట్టించి పరిగెత్తాడు. వత్తి చుర్రుమని లోపలికి పోయింది. కాస్త పొగ వచ్చింది. ఆ పొగ కూడా ఆగిపోయింది.

ఎస్సై కానిస్టేబులు వీపు తట్టి, బేడీలు తెమ్మని సైగ చేశాడు.

అప్పుడు బుస్సుమంది. గొట్టం ఇటుకలను తన్నేసి లేచింది. మనిషెత్తు దాటింది, వేపచెట్టు దాటింది, ఎక్కడా తల తిప్పకుండా నిట్టనిలువుగా పోయింది. తమ రాకెట్లకు ఇన్నాళ్లూ ముక్కు దగ్గరే బరువు చాలలేదని, అది నిమ్మకాయతో తీరిందని రాజరత్నానికి అప్పుడు వెలిగింది. సిగ్గుపడేందుకు కూడా తీరిక లేక నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. రాకెట్టు చుక్కంతయి, రోడ్డు అవతలి బీడు నేలలో ఎక్కడో పడింది.

ఎస్సై టోపీ తీసి చేత్తో పట్టుకుని ఇంకా ఆకాశంలోకే చూస్తున్నాడు.

“రాకెట్టేనప్పా,” అన్నాడు చివరికి. మళ్లీ ఎగరేసేటప్పుడు కబురు చేయమని, పిల్లల్ని తీసుకొస్తానని చెప్పి జీపెక్కాడు.

జీపు పోగానే స్నేహితులిద్దరూ కావలించుకుని చిన్నపిల్లల్లా గంతులేశారు. రాజరత్నం వెళ్లి కమలాక్షమ్మకు రెండు చేతులూ జోడించాడు. ఈ రోజు తనను నిలబెట్టింది ఆమేనని, ఆమె ఏం చెప్పినా చేస్తానని అన్నాడు.

కమలాక్షమ్మ రోడ్డు వైపు చూసింది. జీపు లేపిన దుమ్ము పూర్తిగా అణిగిందాకా ఆగింది. తర్వాత చేనికి తూర్పున, చింతచెట్ల సందున కనిపిస్తున్న తెల్లసున్నం మిద్దె వైపు వేలు చూపించింది.

“పైకి ఎంత పోతే మనకేం నాయనా? అది మా మరిది మిద్దె. ఆడిదాకా అడ్డంగా పోతాదా?”