ఇంటావిడ మాట

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" అని అరుగు మీద కూర్చుని హెడ్ కానిస్టేబుల్ సైమన్ అడిగేసరికి అమరావతి గడప వెనక్కి జరిగింది. ఆమె నోరు తెరవకముందే మొగుడు గంగాధరం అందుకుని, "మేమిద్దరమే సార్, పిల్లాజెల్లా లేరు" అన్నాడు.

తర్వాత అడగబోయేదేమిటో ఆమెకు తెలుసు. ఆఫ్రికాలో బోరుబండి మీద పనిచేసేటప్పుడు గంగాధరం ఓ తుపాకీ కొన్నాడు. కాగితాలన్నీ సక్రమంగా పెట్టుకుని విమానంలో వెంట తెచ్చుకుంటే, ఇక్కడి లైసెన్సు చూపించేదాకా ఇవ్వమని బెంగళూరు కస్టమ్స్ వాళ్లు దాన్ని ఉంచేసుకున్నారు. లైసెన్సు రావాలంటే పోలీసు ఎంక్వైరీ జరగాలి. అందులో పెళ్లాన్ని కూడా అడుగుతారట. తొమ్మిదేళ్ల కాపురంలో ఆమె మాట అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. చివరికి సర్కారు అడుగుతోంది.

నిజం చెబితే తుపాకీ రాదు. కానీ మనిషి సైమన్ పక్కనే కూర్చుని ఉన్నాడు. "అది రానీ, నీ కత జెప్తా" అని తాగినప్పుడల్లా అనే మనిషి. ఆరునెలల కిందట దెబ్బలకు తాళలేక కుప్పంలో పుట్టింటికి పారిపోతే, పెద్దమనుషులు సర్దిచెప్పి నిన్ననే చౌడేపల్లె తెచ్చి దింపిపోయారు. నుదుటి మీద కుట్ల మచ్చ మాత్రం ఎక్కడికీ పోలేదు.

"సరే, తీసకరాప్పా, సూసి పోతాను" అన్నాడు సైమన్. కాగితాల కోసం కాబోలు, గంగాధరం లోపలికి వెళ్లాడు.

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదనుకుంది అమరావతి. అరుగు దగ్గరికొచ్చి చేతులు జోడించింది.

"సార్, ఆయప్పకు లైసెన్సు ఇయ్యాకండి. తుపాకీ ఇంటికొస్తే మొదట సంపేది నన్నే. యాడ పెట్టమంటే ఆడ సంతకం పెడతాను."

సైమన్ అప్పుడు చూశాడు ఆమె నుదుటిని.

"ఈ మాట ముందే చెప్పుంటే బాగుండునే తల్లీ" అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు కుప్పంలో ఉండేటప్పుడే, నిన్ను అడక్కుండానే ఎంక్వైరీ అయిపాయ, లైసెన్సూ వచ్చె. మొన్న బెంగుళూరు పోయి తుపాకీ తెచ్చుకున్నాడు. దాన్ని ఇంట్లో భద్రంగా పెట్టినాడా లేదా సూసేదానికే నేను వచ్చింది."

అమరావతి తల తిప్పింది. గంగాధరం తుపాకీ పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు, ఎంతసేపటి నుంచో.