కనబడని చిమట

“ఇది ఎప్పుడో చచ్చిపోయింది, బెరిల్ గారూ. పక్కకు తప్పుకోండి,” అన్నాడు క్లైవ్, చేతిలో రంపంతో.

బెరిల్ తప్పుకోలేదు. ఆమె గేటు ముందు, ఊరుమ్మడి స్థలంలో ఉన్న ఆ తొరొరారో పొద తుప్పు పట్టిన తీగచుట్టలా ఉన్న మాట నిజమే.

“చావలేదు. దాని రూపమే అంత. ఇందులో చిమట ఉంటుంది.”

“చిమటా? నా ఉన్ని కోట్లు కొట్టేసేదేనా?”

“అది పరదేశపు దొంగ. ఇది మన సొంతబిడ్డ. న్యూజీలాండ్‌లో తప్ప లోకంలో ఎక్కడా లేదు. ఈ పొద పోతే మన తీరంలో దాని వంశమే ఉండదు.”

క్లైవ్ తీరవాసుల సంఘానికి అధ్యక్షుడు. వీధి శుభ్రత విషయంలో సొంత తమ్ముణ్ణి కూడా ఉపేక్షించని మనిషి.

“నా కళ్ళతో చూస్తే తప్ప ఒప్పుకోను. శనివారం శ్రమదానంలోగా చూపించండి. లేదా, కొట్టేస్తాం.”

మర్నాటి నుంచి మధ్యాహ్నపుటెండలో ఇద్దరూ పొద ముందు మడతకుర్చీలు వేసుకుని కూర్చోసాగారు. చిమట గోరంత ఉంటుంది. వాలిందంటే కొమ్మలో కలిసిపోతుంది.

“అదిగో!”

“ఏదీ?”

“పోయింది. కళ్ళజోడు మార్చుకోండి, అధ్యక్షా!”

“మీరే మార్చుకోండి. లేనివన్నీ కనబడుతున్నాయి.”

శనివారం దక్షిణపు గాలి ఎక్కువగా ఉందని శ్రమదానం వాయిదా పడింది. మరుసటి శనివారం చినుకులు. ఆపై శనివారం టీవీలో రగ్బీ మ్యాచ్. బెరిల్ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఫ్లాస్కులో టీ తెచ్చేది. క్లైవ్ చీజ్ స్కోన్లు, అంటే చిన్న బన్నుల్లాంటి రొట్టెలు, కాల్చి తెచ్చేవాడు.

“ఇవి తినడానికా, గోడ కట్టడానికా?”

“వెన్న తగ్గిందేమో. రేపు సరిచేస్తాను.”

గాలి పూర్తిగా పడిపోయిన ఒక మధ్యాహ్నం బెరిల్ హఠాత్తుగా అతడి మణికట్టు పట్టుకుంది.

“కదలకండి! మీ చొక్కా చేతి మీదే! గోధుమరంగు రెక్కలు, వెండి అంచు! ఇప్పుడేమంటారు?”

క్లైవ్ ఆ చిమటను చాలాసేపు చూశాడు.

“ఏమంటాను? పొద జోలికి ఎవరూ రారు. మాటంటే మాటే.”

“మరి మొహం అలా వేలాడేశారేం? ఇన్నాళ్ళూ కనబడలేదన్న చిన్నతనమా?”

అతడు స్కోన్ల డబ్బాకు నెమ్మదిగా మూత పెట్టాడు.

“మొదటిరోజే కనబడింది, బెరిల్.”