మూడు మిల్లీమీటర్లు

బురదలో ఒక బూటు ఊడిపోయినా వెనక్కి తిరిగి చూడలేదు కొలతల బాబాయ్. జోరువానలో రన్‌వే దాటిపోయిన విమానం అల్లంత దూరంలో గడ్డిలోకి దూసుకెళ్లి, ముక్కు నేలకు ఆనించి పడి ఉంది.

"ఆగు బాబాయ్! దగ్గరికి వెళ్లకూడదు!" ఫైరింజన్ డ్రైవర్ అడ్డుపడ్డాడు.

"నా చెల్లెలుందిరా అందులో!"

డ్రైవర్ పట్టు వదిలేశాడు.

అవతల ఆసుపత్రిలో అమ్మది పొద్దుటి నుంచి ఒకటే మాట: "దాని మొహం ఒక్కసారి చూపించరా." సాయంత్రం దాటడం కష్టమని డాక్టరు చెప్పేశాడు.

వాన పడితే రన్‌వే మీద నీళ్ల లోతు కొలిచి టవర్‌కి చెప్పడం బాబాయ్ ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. టీలో పంచదార కూడా కొలిచి వేసుకునే మనిషి కాబట్టే ఆ పేరు పడింది. పాత స్కేలు మీద గీతలు అరిగిపోయాయని ఆ ఉదయమే స్టోర్‌లో పోట్లాడి మరీ, పాతది అక్కడే ఇచ్చేసి కొత్తది తెచ్చి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. టవర్ ఆఫీసరు.

"బాబాయ్, నీ మీదికేం రాదులే. మూడు మిల్లీమీటర్లన్నావు, నేను రాసుకున్నాను. అంతకు మించి ఉంటే విమానాన్ని దింపకుండా, రోడ్డు మీద ఆరు గంటల దూరంలో ఉన్న ఊరికి పంపేసేవాళ్లం కదా! నీ కొలత ఏనాడైనా తప్పిందా?"

బాబాయ్ వాకీటాకీ కట్టేశాడు. విమానం తలుపులోంచి ఒక్కొక్కరే జారి దిగుతున్నారు. ఒక ముసలాయన, పసిపిల్లతో ఒక తల్లి, చెప్పుల్లేని కాలేజీ పిల్లలు. చెల్లెలు లేదు.

"దేవుడా, నన్ను తీసుకుపో. దాన్ని వదిలెయ్!" పైకే ఏడ్చేశాడు.

చిట్టచివర, నుదుటి మీద నెత్తురుతో ఆమె దిగింది. పరుగెత్తుకెళ్లి వాటేసుకున్నాడు.

"ఊరుకో అన్నయ్యా, బతికే ఉన్నానుగా. అమ్మెలా ఉంది?"

"నీ కోసమే చూస్తోంది."

"విమానం ఊగుతుంటే పక్క సీట్లో పెద్దావిడ ఒకటే వణుకు. మా అన్నయ్య కొలిచి సరేనన్నాకే దింపుతారండీ, భయపడకండి అని చెయ్యి పట్టుకున్నాను." చెల్లెలు విమానం వైపు తిరిగి చూసింది. "ఆవిడ ఇక లేవలేదు అన్నయ్యా."

బాబాయ్ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

కొత్త స్కేలు సీలు ఇంకా విప్పనేలేదు.