పంతులమ్మ దిద్దిన సెలవు చీటీ

"లవ్డ్ ఏమిటండీ, లవ్డ్?" పంతులమ్మ ఎర్ర పెన్నుతో కాగితం మీద ఠపీమని కొట్టింది. "నా భార్యకి సముద్రమంటే ఇష్టంగా ఉండేది అని రాశారు. ఒక్క 'డి' తగిలించి నన్ను పైకి పంపేశారే!"

కొత్త మొగుడు నాలిక్కరుచుకున్నాడు. అతను టైర్ల గోడౌన్లో గుమాస్తా. అక్కడ సెలవు కావాలంటే ఇంగ్లీషులోనే రాయాలి. మంచం మీద సూట్‌కేసు సర్ది ఉంది. పెళ్లయ్యాక ఇద్దరికీ అదే మొదటి ప్రయాణం. మేనేజరు సంతకమొక్కటే తక్కువ.

పంతులమ్మ 'లవ్డ్'ని 'లవ్స్' చేసింది. 'వాంటెడ్'ని 'వాంట్స్' చేసింది. మూడో వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది.

"నా భార్య భర్తకి బొత్తిగా తీరిక ఉండదు... ఈ నా భార్య భర్త ఎవరండీ?"

"నేనే!"

"ఖర్మ! అయిదు లైన్లలో ఏడుసార్లు మై వైఫ్. ఇది సెలవు చీటీయా, నామజపమా?"

"ఆ మాట ఈమధ్యేగా నా చేతికొచ్చింది. రాసేకొద్దీ రాయాలనిపిస్తోంది."

పంతులమ్మ బుగ్గలు ఎర్రబడ్డాయి. పెన్ను మాత్రం కరగలేదు.

"మొదట ఒక్కసారి చాలు. ఆ తర్వాత 'షి' అనాలి, 'హర్' అనాలి. సర్వనామాలు ఉన్నది దండెం మీద ఆరేసుకోడానికా? అవునూ, మొదటి లైన్లో మేనేజరుగారి భార్య ఎందుకు?"

"సిఫార్సు! ఆయన ఆవిడ మాట తప్ప ఇంకెవరి మాటా వినరు. నిన్న మార్కెట్లో మీరిద్దరూ కబుర్లాడుకున్నారుగా."

"అబ్బో, ఈ తెలివి గ్రామర్లో చూపిస్తే బాగుండేది" అంటూ మిగిలిన 'మై వైఫ్'లన్నీ కొట్టేసి, దిద్దిన చీటీని తెలుగు చేస్తూ పైకి చదివింది. "నిన్న మార్కెట్లో మీ భార్య నా భార్యని కలిశారు. ఆమెకి సముద్రమంటే ఇష్టం. ఆమె భర్తకి బొత్తిగా తీరిక ఉండదు. ఒక్కసారైనా అతనితో కలిసి సముద్రం చూడాలని ఆమె కోరిక. దయచేసి నాలుగు రోజులు సెలవు... ఇదీ ఇంగ్లీషంటే!"

ఆ సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఎదురైంది.

"ఏమన్నారు?"

"రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఒక్క తప్పు లేదన్నారు."

"చూశారా! మరి సెలవు?"

"మంజూరైంది. నాలుగు రోజులూ."

పంతులమ్మ ఒక్క గంతేసి సూట్‌కేసుని వాటేసుకుంది. "దిద్దింది ఎవరనుకున్నారు మరి!"

"అదే నేనూ అనుకుంటున్నా." అతను జేబులోంచి గోడౌన్ తాళాల గుత్తి తీసి మెల్లగా సూట్‌కేసు మీద పెట్టాడు. "'ముప్పై ఏళ్లలో మా ఆవిడ నాతో చెప్పుకోలేని మాట నువ్వు చెప్పావయ్యా' అని నా చేయి పట్టుకున్నారు. రేపు పొద్దున్నే ఆయనా, ఆ 'షి'గారూ కలిసి సముద్రానికి వెళ్తున్నారు."