పై అద్దం

నా కథల్లో అబద్ధం కోసం వెతికితే మీ కళ్ళజోళ్ళు అరగాల్సిందే గానీ, ఆవగింజంత కూడా దొరకదు.

ఫొటోలకు అద్దాలు బిగించే దుకాణంలో యజమాని పై అద్దం అంచుకు గోళ్ళు దూర్చి లాగుతున్నాడు. రెండద్దాల మధ్య ఓ పడుచుపిల్ల పాత ఫొటో. దాని మీద తేనెలాంటి జిగురు పలచగా పరుచుకుంది. బుగ్గ మీద గాలిబుడగ మిగిలిపోయిందని ఆయన బాధ.

"సూదిబెజ్జమంత లేదు, వదిలెయ్యండి" అంది భార్య.

"నువ్వుండవే! మొహమంతా అదే కనబడుతోంది."

అద్దం వెంట్రుకవాసి లేచింది. అంతే, నాలుగు అంచుల నుంచీ గాలి జొరబడింది. జిగురులో సన్నని పాయలు, పాయలకు కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. చూస్తుండగానే పడుచుపిల్ల నుదుటి మీదికి, కళ్ళ చివరలకు పాకాయి.

"నొక్కండి, నొక్కండి!"

నొక్కాడు. జిగురు అప్పటికే బిగుసుకుంటోంది. గీతలు కదల్లేదు. మళ్ళీ లాగాడు. ఇంకో గుప్పెడు పుట్టుకొచ్చాయి.

"ఇంకో ఫొటో ఉందేమో అడుగుదామా?" అన్నాడు.

"ఇదొక్కటే అందిగా ఫొటో ఇచ్చిన బామ్మగారు! తాతగారికి మతి తప్పింది. ఎదురుగా ఉన్న పెళ్ళాన్నే 'ఎవరమ్మా నువ్వు' అంటారట. పడుచునాటి ఈ ఫొటో చూపిస్తేనే ముద్ద మింగుతారట. ఇప్పుడేం చూపిస్తుంది, మీ మొహమా?"

ఆయన జిగురు చేతులు గాల్లోనే పెట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడే బామ్మగారు తాతగారిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. బల్ల మీదికి చూసింది.

"అయ్యో నాయనా! ఎంత పని చేశావు!"

"బామ్మగారూ, అదీ..." అంటూ ఆయన మళ్ళీ అద్దం లాగబోయాడు. జిగురు రాయైపోయింది. ఇక దేవుడు దిగొచ్చినా ఊడదు.

తాతగారు ఫొటో మీదికి వంగారు. నుదుటి మీది గీతలను వేలితో తడిమారు. తలెత్తి బామ్మగారి ముడతల మొహం చూశారు. మళ్ళీ ఫొటోని. మళ్ళీ ఆమెని.

"ఏమే, ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ? నన్ను ఎవరో ముసలావిడ దగ్గర వదిలేసి!"

బామ్మగారు పకపకా నవ్వింది.

సరే, ఒప్పుకుంటున్నాను. ఆ నవ్వొక్కటి నా కల్పన. ఆవిడ అక్కడే నేల మీద కూలబడి, చంటిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.