గట్టయ్య పథ్యం

“మూడొందల నలభై!” డాక్టర్ జగన్మోహన్‌రావు కాగితాన్ని బల్లమీద పరిచాడు. “జనవరిల రెండొందల ఎనభై. ఏప్రిల్‌ల మూడొందల పది. ఇయ్యాల గిది. నిజం చెప్పు గట్టయ్యా, ఏం తింటున్నవ్?”

ఇరవై ఏళ్లుగా బాయిలో బొగ్గు నింపుతున్న గట్టయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పథ్యం మొదలయ్యాక మనిషి సగమయ్యాడు.

“జొన్న గట్క, చుక్కకూర సార్. కావాల్నంటే మా ఆమెను అడుగుండ్రి.”

“మా అవ్వ మీద ఒట్టు సార్,” అంది భార్య దుర్గవ్వ. “ఈయనకు కొవ్వుంటే నోట్లెనే ఉన్నది. పెయ్యిల ఎక్కడిది?”

“పరగడుపునే ఇచ్చిండ్రా రక్తం?”

“మంచినీళ్లు గూడ ముట్టలే,” అంది దుర్గవ్వ.

డాక్టర్ మళ్లీ కాగితం చూశాడు. గనిలో గట్టయ్య టోకెన్ నంబరు 1147. ఆ ఇంటిల్లిపాది వైద్యానికీ అదే నంబరు. పొరపాటు లేదు. కొవ్వు మానేసిన కొద్దీ రక్తంలో కొలెస్ట్రాల్ పెరుగుతోంది! పాతికేళ్ల వైద్యంలో ఇలాంటి వింత ఆయన చూడలేదు.

“గిట్లనే పెరిగితే మెదడుకు పోయే నాళం మూసుకపోతది. ఒక పక్క పడిపోతది. మాట పోతది. ఇయ్యాలనో రేపో చెప్పలేం.”

దుర్గవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గట్టయ్య తెల్లవారకముందే మొదటి షిఫ్టుకు వెళ్లిపోతాడు. బియ్యానికైనా కిరసనాయిలుకైనా చిట్టీ పట్టుకుని లైనులో నిలబడేది ఆవిడే. ఆయన పడిపోతే ఆ ఇల్లు ఏమవుతుంది?

ఆదివారం మధ్యాహ్నం డాక్టర్ చెప్పాపెట్టకుండా వాళ్ల క్వార్టరుకు వెళ్లాడు. దొంగతిండి పట్టుకుందామని. గట్టయ్య పళ్లెంలో గట్క, పుల్లటి కూర. డాక్టర్ పొయ్యి పక్కన గిన్నె మూత తీశాడు. మాంసం కూర మీద వేలెడు మందాన కొవ్వు తేలుతోంది.

“దొరికినవ్! ఇదెవరికి?”

“పిల్లలకు సార్. ఈయన ఒక్క ముక్క ముట్టడు.”

“మరి ఈయన వాటా?”

“పారేస్తే పాపం గద సార్. నేనే తింటున్న.”

డాక్టర్ నవ్వేశాడు. గట్టయ్య ఒంటిమీద పొడుచుకొచ్చిన ఎముకల్ని చూస్తూ ఆయన నిలబడిపోయాడు. గడ్డి తిని గేదె వెన్న ఇస్తుంది. ఈ ఎండిన ఒంట్లో ఏ మహిమ దాగుందో! మనం చదివింది ఎంత, సృష్టి ఎంత!

“ఈసారి రక్తం నేనే తీస్త. హైదరాబాద్ పంపుత. పెద్ద డాక్టర్లు చూడాలె గీ వింత.”

ఆయన సంచిలోంచి సూది తీశాడు. గట్టయ్య మర్యాదగా లేచి, పీట ఖాళీ చేసి పక్కకు జరిగాడు.

ఎప్పటిలాగే దుర్గవ్వ వచ్చి కూర్చుని చెయ్యి చాపింది.