కెప్టెన్ థార్న్‌బరీ జడ

రెండు వందల ఏళ్ల కిందట, అమెరికాలో ఒహాయో నది ఒడ్డున కోటలో ఉండే కెప్టెన్ థార్న్‌బరీకి, ఆనాటి సైనికులందరిలాగే, వీపు మీదికి జడ ఉండేది. ఇళ్లల్లో ఆ జడలు అల్లేది భార్యలే. ఆయన రెండో భార్య కెజయాకు మాత్రం ఆ భాగ్యం దక్కలేదు.

"నీకు చేతకాదులే. డోర్కాస్ అల్లితే అల్లినట్టుండేది," అనేవాడు.

డోర్కాస్ చనిపోయిన మొదటి భార్య. పొద్దున్నే ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. బయటికొచ్చేసరికి జడ నున్నగా, కొసన నల్ల రిబ్బన్‌తో ఉండేది. తన వీపు మీద తానే అంత పొందిగ్గా ఎలా అల్లుకుంటాడో కెజయాకు అర్థమయ్యేది కాదు.

సైనికులంతా జడలు కత్తిరించుకోవాలని పైనుంచి హుకుం వచ్చిన రోజు, కత్తెర తనే పట్టింది. ఆయన కన్నీళ్లు పెట్టుకుంటే కెజయా కళ్లు చల్లబడ్డాయి. ఆ జడ విప్పి, చిందరవందర చేసి, పెట్టెలో పడేసి తాళం వేసింది.

ఆ రాత్రి ఆయన గస్తీకి వెళ్లాక పెట్టెలోంచి దువ్వెన చప్పుడు వచ్చింది. తెరిచి చూస్తే జడ మళ్లీ అల్లి ఉంది, రిబ్బన్‌తో సహా.

"చచ్చినా నా మొగుణ్ణి వదలవటే!" అంటూ దాన్ని పొయ్యిలోకి విసిరింది. బూడిదయ్యేదాకా చూసి కుర్చీలో కూలబడింది.

దువ్వెన చప్పుడు మళ్లీ మొదలైంది. ఈసారి తన తల వెనకే. ఎవరో తన జుట్టును మెల్లగా మూడు పాయలు చేస్తున్నారు.

తలుపు తెరుచుకుంది. లాంతరుతో వచ్చిన కెప్టెన్ ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఆ చూపులోని ప్రేమ కెజయా ఏనాడూ ఎరగదు.

"కదలకు కెజయా," అన్నాడు మెల్లగా. "తనింకా రిబ్బన్ కట్టలేదు."